స్టార్టర్ డబ్బా తలుపు మీద మల్లయ్య

ముందు పోయినవి లెక్క చెప్త.

ఇనుప రేకు మీద నేను వేసిన మనుషుల బొమ్మలు నూట డెబ్బై మూడు. దుకాణం పేర్లు, బండి నంబర్లు, గోడ రాతలు ఇందులో కలపలేదు. ముఖం ఉన్నవే లెక్కపెట్టిన. వాటిల అరవై ఒకటి దుకాణాల బోర్డులతోని పాటు పాత సామాను బండి ఎక్కినయి. ఫ్లెక్సీలు వచ్చిన కొత్తల ఇబ్రహీంపట్నం బజార్ల దర్జీలు, కటింగు షాపులు, ఫోటో స్టూడియోలు ఒకరిని చూసి ఒకరు బోర్డులు దించేసిన్రు. నలభై ఎనిమిది పొలాలల్ల పెట్టినవి, పొలాలు అమ్ముడైతే వాటితోని పోయినయి. ముప్పై ఏడు తుప్పు తిన్నది. తొమ్మిదింటిని దొంగలు ఎత్తుకపోయిన్రు, బొమ్మ కోసం కాదు, ఇనుము కోసం. పన్నెండు నా చేతులతోనే పోయినయి, అంటే వాటి మీద నేనే ఇంకో ముఖం వేసిన. మొత్తం నూట అరవై ఏడు. మిగిలినవి ఆరు.

ఈ లెక్క చెప్తే వినేవాళ్లు అయ్యో అంటరు. నాకు మాత్రం అయ్యో కంటే వింత ఎక్కువ. ఆ ఆరే ఎందుకు మిగిలినయి? వేసిన వాటిల మంచి బొమ్మలు అవి కావు. ఒకదాంట్ల అయితే చెయ్యి మోచేతికాడ తప్పుంటది, ఇప్పటికీ చూస్తే సిగ్గైతది. అయినా అది ఉన్నది, బాగా కుదిరినవి పోయినయి. ఎందుకని ఆలోచిస్తే నా పని గురించి నాకు తెలిసినవి చాలా వరకు బయటపడ్డయి. అవే ఇక్కడ రాస్తున్న.

రాయమని అడిగింది హైదరాబాదుల బొమ్మల కాలేజీల చెప్పే సరళ మేడం. ఆమె దగ్గర చదివే పిల్లలు ఇప్పుడు గుడ్డ మీద కాకుండా రాగి మీద, అల్యూమినియం మీద, ఇనుము మీద మనుషులను గీస్తున్నరట. మనిషంటే ఎవరు, ఎట్ల మారుతడు అన్నది వాళ్లకు పాఠమట. "మీకు తెలిసింది రాసియ్యండి, పిల్లలు చదువుకుంటరు" అన్నది. నేను చదివింది ఏడో తరగతి. గీతా, కొలతా రెండూ పని మీద నేర్చుకున్నవే. రంగుల కలిపే థిన్నర్ వాసన ఛాతికి పడక, డాక్టరు మానుకోమంటే యాభై ఆరేండ్లకు బ్రష్షు పక్కకు పెట్టిన. అంటే ఇది పని మానేసిన మనిషి మాట. పనిల ఉన్నవాళ్లు చెప్పినంత గట్టిగ ఉండకపోవచ్చు.

కొత్త రేకు గీర

మా ఉస్తాద్ జహంగీర్ దుకాణం బస్ డిపో దారిల ఉండె. పనిల చేరినంక చాలా కాలం నాకు బ్రష్షు ఇయ్యలే. రేకులు రుద్దుడు, కడుగుడు, ఎండల పెట్టుడు. బయటి గోడకు ఎప్పుడూ పది పన్నెండు జీఐ రేకులు ఆనించి ఉండేవి. వానకు తడుస్తూ ఎండకు ఎండుతూ, ఎవరో మర్చిపోయినట్లు పడి ఉండేవి.

"ఉస్తాద్, అవి పాడైతున్నయి గదా, లోపల పెట్టనా?" అని ఒకసారి అడిగిన.

"అరే సత్తీ, కొత్త రేకుకు గీర ఎక్కువ. మెరుపు మీద ఉంటది, ఎవల్నీ అంటనియ్యదు. ఒక వానకాలం బయట పడేయ్, దానంతటదే దిగొస్తది."

నాకు నమ్మకం కలుగలే. ఒకసారి ఉస్తాద్ ఊర్ల లేనప్పుడు ఒక దర్జీ బోర్డు తొందరగ కావాలన్నడు. దుకాణంల కొత్త రేకు ఉన్నది, తళతళ మెరుస్తున్నది. దాని మీదనే దర్జీ బొమ్మ వేసిన, మెడల టేపు, చేతుల కత్తెర. మంచిగ కుదిరింది. ఎండకాలం రాంగనే ఆ దర్జీ పేపర్ల ఏందో చుట్టుకొని దుకాణంలకు వచ్చిండు. విప్పి బల్ల మీద పెట్టిండు. పాల మీగడ ఊడొచ్చినట్ల ఆయన ముఖం మొత్తం ఒకటే పొరగ ఊడొచ్చింది. మీసంతోని సహా.

"ఇగో, నా మొఖం. ఊడొచ్చింది. ఏం జేస్తవో చెయ్" అన్నడు.

ఉస్తాద్ నన్ను తిట్టలే. ఆ పొరను గోడకు మేకు కొట్టి తగిలించిండు. వచ్చినోళ్లందరికీ "మా సత్తి వేసిన మొదటి బొమ్మ, రేకు లేకుండనే నిలబడ్డది" అని చూపించేటోడు. తిట్టినా అంత నేర్చుకోకపోదును.

కొత్త జీఐ రేకు మీద జింకు పూత ఉంటది. నూనె రంగుకూ దానికీ పొత్తు కుదరదు. ఎండా వానా తగిలి మెరుపు పోయినంక, ఎమరీ పేపరుతోని రుద్ది, కడిగి, రంగు కింద ప్రైమర్ పూత పడితే అప్పుడు పట్టుకుంటది. ఆ ఆరు బొమ్మలు మిగిలినయి కదా, ఆరూ అట్ల బయట పడి ఎండిన రేకుల మీద వేసినవే. గీత బాగుండుడు వేరు, నిలబడుడు వేరు.

ఇక్కడొక మాట స్పష్టంగ చెప్త. మేడం దగ్గరి పిల్లలు కొందరు తుప్పు అందంగ ఉంటదని ఉప్పునీళ్లు కొట్టి తుప్పు పట్టిస్తున్నరు. చూడబుద్ధి అయ్యే మాట నిజమే. నేనూ దగ్గరికి పోయి చాలాసేపు చూసిన. కానీ తుప్పు మీరు ఆగమన్నకాడ ఆగదు. ఇయాల చెంప మీద అందంగ ఉన్నది రేపు కన్ను తింటది. తుప్పుతోని పని చేసేటట్లయితే అది ఎక్కడిదాకా పోతదో ముందే ఒప్పుకొని చెయ్యాలె.

రెండు చెంచాల తెలుపు

ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవి చాలా ఉన్నయి, ఆయన తప్పు మాత్రం ఒకటి గట్టిది. ఏ మనిషి ముఖం వేసినా, మనిషి ఉన్న రంగు కంటే రెండు చెంచాల తెలుపు ఎక్కువ కలిపేటోడు. ఎండల పనిచేసే మనిషికి కూడ అంతే. "అడగకుండ ఇచ్చే బహుమానం ఇది" అనేటోడు. నేను కూడ అదే లెక్క పట్టిన.

ఒకసారి దవాఖానల నర్సు పని చేసే ఒక పిల్ల వాళ్ల అమ్మ బొమ్మ వేయించుకున్నది. తల్లి కూలి పనికి పోయి బిడ్డను చదివించింది, చనిపోయింది. బొమ్మ ఇచ్చినం. ఆ పిల్ల చాలాసేపు చూసింది.

"అన్నా, బొమ్మ మంచిగున్నది. గీమె ఎవరు?"

"మీ అమ్మనే కదమ్మా."

"మా అమ్మ గింత ఎర్రగ ఎప్పుడున్నది? ఎవరో సేటు పెండ్లం లెక్క ఉన్నది. మా అమ్మ నన్ను ఎత్తుకుంటే నేను తెల్లగ కనపడేదాన్ని అన్నా. గది పోయింది."

ఉస్తాద్‌కు చెప్పిన. "లోకం అడిగేది తెలుపే. ఒక్క పిల్ల అడిగిందని దుకాణం మార్చుకుంటమా?" అన్నడు. మార్చుకోవాలె. ఆ విషయంల ఆయనది తప్పు. నేను వేరే రంగు కలుపుడు మొదలుపెట్టిన. గోధుమ, నలుపు, కొంచెం పసుపు, ఎన్ని పాళ్లు కలిపినా బురద లెక్కనే వచ్చేది. ఒకనాడు ప్రైమర్ పట్టి ఆరబెట్టిన రేకు మీద నా చెయ్యి ఆనించి చూసిన. ప్రైమర్ రంగు రెడ్ ఆక్సైడు, అంటే ఇటుక ఎరుపు. నా చెయ్యి నీడల ఉంటే ఏ రంగుంటదో సరిగ్గ అదే రంగు. మనుషుల రంగు డబ్బాల ముందునుంచే ఉన్నది, మొదటి పూతనే అది. దాన్ని పూర్తిగ కప్పుకుంటూ పోయినం ఇన్నేండ్లు.

అప్పటినుంచి ముఖంల నీడ పడేచోట ప్రైమర్‌ను ప్రైమర్‌గనే వదిలిపెట్టిన. కండ్ల కింద, ముక్కు పక్కన, గదుమ కింద. వెలుగు పడేచోటనే రంగు. నాకు పేరు వచ్చిందంటే ఆ వదిలిపెట్టుడు తోనే వచ్చింది.

ఫ్యూజు దొంగల కోసం ఒక ముఖం

ఇప్పుడు మల్లయ్య సంగతి. నా పని మొత్తంల నాకు ఎక్కువ నేర్పింది ఈ ఒక్క మనిషి, ఒక్క రేకు.

మల్లయ్యకు కొంగరకలాన్ దిక్కు నాలుగెకరాలు ఉండె. నాకంటే ఐదారేండ్లు పెద్దోడు, అన్నా అని పిలుస్త. బోరుకాడ మోటరు స్టార్టర్ పెట్టుకునే ఇనుప డబ్బా ఉంటది కదా, దాని తలుపు ఊడబీకి సైకిలు మీద పట్టుకొచ్చిండు. పద్దెనిమిది ఇంచులు అడ్డం, ఇరవై నాలుగు నిలువు. మందమైన రేకు, ఏండ్లు ఎండల ఉన్నది. చూడంగనే మనసుల అనుకున్న, ఇది నిలబడేది అని.

"దీని మీద నా బొమ్మ వెయ్యాలె సత్తీ. పక్క చేన్లోళ్లు నా ఫ్యూజులు ఎత్తుకపోతున్నరు. తలుపు మీద నేనుండాలె. మొఖం జర కోపంగ పెట్టు."

ఆయన భార్య అంతమ్మ వదినె సద్ది పట్టుకొని వెనుకనే వచ్చింది. "ఇంట్ల ఆ కోపం చూసి చూసి పానం ఇసిగింది. చేన్ల గూడ పెట్టిస్తున్నడు. ఇగ నేనేడికి పోవాలె?" అన్నది.

ఫోటో లేదు. మనిషే ఎదురుంగ ఉన్నడు కాబట్టి మనిషినే కొలిచిన. నాకు అదే అలవాటు. చిన్న ఫోటోను గళ్లు గీసి పెద్దగ చేస్తే, ఫోటోల ఒక వెంట్రుక వాసి తప్పు రేకు మీద పన్నెండు వెంట్రుకలైతది. మనిషి బతికుంటే ఫోటో ముట్టొద్దు. కట్టె డివైడరుతోని కండ్ల నడుమ దూరం, ముక్కు పొడుగు, నుదురు, గదుమ అన్నీ కొలిచి, ముఖం ఉన్నంత సైజుల వేసిన. ఎర్ర రుమాలు, చెవిల బీడీ, కోపం. తలుపు మళ్లీ డబ్బాకు ఎక్కింది.

ఫ్యూజులు మాత్రం పోతనే ఉన్నయి. "నీ బొమ్మకు దొంగలు దండం పెట్టి మరీ తీసుకపోతున్నరు" అని మల్లయ్య వచ్చి చెప్పి నవ్విండు.

తెల్లంగి

కొన్నేండ్లకు ఆ పొలం వెంచర్ కింద పోయింది. అమ్మినోళ్లల్ల మల్లయ్య ఒకడు. పైసలు చేతికి వచ్చినంక మన్నెగూడ చౌరస్తల ఒక రూము తీసుకొని ప్లాట్లు అమ్మిపించే పని పెట్టుకున్నడు. ఒకనాడు ఆటోల దిగిండు. చేతుల అదే తలుపు. డబ్బాకు బిగించే ఇనుప బందులు ఇంకా వేలాడుతున్నయి.

"పొలం ఇచ్చిన గని తలుపు ఇయ్యలే. ఊడబీక్కొచ్చిన. సత్తీ, ఈ రుమాలు తీసెయ్. తెల్లంగి, మెడల గొలుసు, చేతుల ఫోను. నవ్వు మొఖం."

"కొత్త రేకు తెస్త అన్నా. దీన్ని ఉండనీ."

"వద్దు. మనిషిని నేనే గదా? రేకు మారుస్తే ఇంకెవడో అనుకుంటరు."

సరే అని మళ్లీ కొలిచిన. మనిషి లావైండు, చెంపలు నిండినయి. కానీ కండ్ల నడుమ దూరం, ముక్కు పొడుగు మారలేదు. పాత బొమ్మను రుద్ది దాని మీదనే వేసిన. వేసే ముందు, వేసినంక ఎదురుంగ ఉన్న కిరాణా కాంటా మీద తూకం పెట్టిన. నాకట్ల తెలుసుకోవాలనిపిస్తది. ముప్పై గ్రాములు పెరిగింది. రైతు ప్లాట్ల బ్రోకరు కావాలంటే రేకు మీద ముప్పై గ్రాముల బరువు పడ్తది, అంతే.

ఇంకొకటి కూడ చూసిన. రుమాలు ఉన్నచోట ఇప్పుడు నీలం ఆకాశం వేసిన. ఎదురుంగ చూస్తే ఆకాశమే. సాయంత్రం ఎండ ఏటవాలుగ పడితే మాత్రం రుమాలు మడతలు ఆకాశంల లేస్తయి. బ్రష్షు గీతల మందం కింద ఉన్నది కదా, అది పోదు. మల్లయ్యకు చూపించిన. "రూముల ట్యూబులైటు ఉంటది, ఎండ రాదు" అన్నడు.

తర్వాత ప్లాట్ల బేరాలు పడిపోయినయి. ఆయన నమ్మి వేరేటోళ్ల చేతుల పెట్టిన పైసలు కొన్ని తిరిగి రాలే. రూము ఖాళీ చేసిండు. మూడోసారి తలుపు పట్టుకొచ్చింది అంతమ్మ వదినె.

"ఈ తెల్లంగాయనను తీసెయ్ సత్తయ్యా. ఇంటికొచ్చినోళ్లంత ఆయన్నే అడుగుతున్నరు. ఆయన లేడు. ఇప్పుడున్నాయనను వెయ్యి."

ఇప్పుడున్నాయన కొంగరకలాన్ దిక్కు ఒక కంపెనీ గేటుకాడ సెక్యూరిటీ గార్డు. సెలవు నాడు యూనిఫారంతోనే వచ్చి కూసున్నడు. ఇష్టం లేకుండ వచ్చిండేమో అనుకున్న. కానీ మూడుసార్లల్ల ఆ నాడే నిటారుగ కూసున్నడు.

"రుమాలు కట్టినప్పుడు గూని కూసుంటివి. ఇప్పుడేందన్నా గింత సక్కగ?"

"అప్పుడు నన్ను చూసేటోడెవడు? ఇప్పుడు పొద్దంత కెమెరా చూస్తది" అన్నడు. తర్వాత రేకు దిక్కు వంగి చూసి, "గుండీలు ఐదు. నువ్వు నాలుగే వేసినవ్" అన్నడు. ఐదోది వేసిన.

తోముడు

ఎనామిల్ రంగు ఒక్క రోజుల ముట్టుకుంటే అంటదు. చాలామంది ఎండిందనుకుంటరు. లోపల గట్టిపడాలంటే నెల పడ్తది. ఆ నెల నిండకముందే మల్లయ్య గేటుకాడ పడిపోయిండు. పక్షవాతం. దవాఖాన నుంచి వచ్చేసరికి కాలూ చెయ్యీ చాలా వరకు తిరిగినయి. ముఖం ఎడమ దిక్కు మాత్రం జారిపోయింది. ఎడమ మూతి కిందికి దిగింది, మాట ముద్ద ముద్దగ వచ్చేది.

డాక్టర్లు కసరత్తు చెప్పిన్రు. బుగ్గలు ఊదుడు, మూతి సాగదీసుడు, దినం చెయ్యాలె, మొదటి నెలల్ల చేస్తెనే ఫాయిదా, ఆలస్యమైతే ముఖం అట్లనే ఉండిపోవచ్చు అన్నరట. ఆయన చెయ్యలే. ఇంట్ల అద్దం తీపిచ్చిండు. ముఖం మీద తువ్వాల కప్పుకొని మంచంల పడుకునేటోడు. అన్నం తిన్నా గోడ దిక్కు తిరిగి తినేటోడు. కట్టుకున్న పెండ్లానికి కూడ ముఖం చూపియ్యలే. అంతమ్మ వదినె భయం అదొక్కటే, రోజులు పోతున్నయి, మూతి అట్లనే గట్టిపడిపోతదని.

ఇంతల బోనాలు వచ్చినయి. ఇల్లంత కడుక్కొని, ఇంట్ల ఉన్న ఇత్తడి, రాగి, ఇనుము అన్నీ తోముకునే దినాలు. తలుపు బొమ్మ వంటింటి గోడకుండె. మెత్తగున్న రంగుకు పొగ మసి పట్టుకున్నది. వదినె దాన్ని కూడ దించి బిందెల నడుమ పెట్టుకున్నది. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు.

మధ్యాహ్నం మా ఇంటికి ఉరికొచ్చింది. తలుపు చీర గుడ్డల చుట్టి ఉన్నది.

"ఆగమైంది సత్తయ్యా! బిందె తోమినట్లే తోమిన. మసి పోతదనుకుంటే టోపీ పోయింది. టోపీ పోయిందని ఆపక, ఇంకో పక్క గూడ సమానంగ తోమిన!"

గుడ్డ తీసి చూసిన.

టోపీ సగం ఉన్నది. సగం పోయినచోట ఆకాశం, ఆకాశం పోయినచోట ఎర్ర రుమాలు. ఖాకీ అంగి మీద బంగారు గొలుసు. ఒక భుజం గార్డుది, ఒక భుజం రైతుది. మూతి, గదుమ ఉన్నచోట ఎక్కువ మసి ఉండెనేమో, అక్కడ గట్టిగ తోమింది. మూడు పొరలూ పోయి, ప్రైమర్ కూడ పోయి, వట్టి ఇనుము బయటపడ్డది. మూతి లేదు. కానీ కండ్లు చెక్కుచెదరలే. కన్ను మీద కన్ను, దాని మీద కన్ను, మూడూ ఒక్కచోటనే ఉన్నయి. మూడుసార్లూ మనిషినే కొలిచిన కాబట్టి ఒకటి చెరిగినచోట కింద ఇంకొకటి అదే జాగల ఉన్నది. కోపం, నవ్వు, నిటారుతనం మూడూ కలిసి ఒక చూపైనయి.

జిందగీల నేను అసుంటి బొమ్మ వెయ్యలే. వెయ్యాలనుకున్నా రాదు.

"మళ్లీ వేసిస్త వదినె, ఫికర్ చెయ్యకు" అన్న.

"ముందుగాల ఆయనకు చూపియ్యాలె. దాచిపెట్టుడు నాతోని కాదు. తిడితే తిట్టనీ. తిట్టనీకైనా మూతి కదులుతది గదా."

మూతి కొలత

ఇద్దరం కలిసి పోయినం. మల్లయ్య మంచం మీద ఉన్నడు, ముఖం మీద తువ్వాల.

"అన్నా, మీ ఆమె నిన్ను తోమేసింది" అన్న.

తువ్వాల కింది నుంచి ఒక కన్ను బయటికొచ్చింది. తలుపు ఎదురుంగ పట్టుకున్న. చూసిండు. లేచి కూసున్నడు. ఇంకా దగ్గరికి తెమ్మని చెయ్యి ఊపిండు. వదినె గడపకాడనే నిలబడ్డది, లోపలికి రాలే.

"ఎవలే... గీన?" మాట ముద్దగ వచ్చింది.

"నువ్వే అన్నా. ముగ్గురు నువ్వులు."

వేలు పెట్టి గొలుసు తడిమిండు. రుమాలు తడిమిండు. మూతి ఉండాల్సిన చోట వట్టి ఇనుము మీద వేలు ఆపిండు. తర్వాత నవ్విండు. నవ్వితే ఒక్క దిక్కే లేచింది. తువ్వాల జారి ఒడిల పడ్డది. అది జారిన సోయి, ధ్యాస ఆయనకు లేదు. గడపకాడ నిలబడ్డ వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"నాలుగోటోడు ఏడి?" అన్నడు.

"ఏ నాలుగోటోడు?"

"గీ వంకర మూతోడు. జాగ ఉన్నది గదా. ఎక్కియ్యి."

ఆ వచ్చిన ఆదివారం డివైడరు, చిన్న బ్రష్షులు పట్టుకొని పోయిన. వదినె చేతులు తెరిచినవేవీ కప్పొద్దని ముందే అనుకున్న. వట్టి ఇనుము ఉన్నచోట మాత్రం మూతి పడాలె. కండ్ల గీత నుంచి మూతి రెండు కొసలకు కొలిచిన. ఇంచుల ఎనిమిదో వంతును మేం సూతు అంటం. కుడి కొస కంటే ఎడమ కొస నాలుగు సూతులు కిందికి ఉన్నది.

"ఎంత?" అన్నడు.

"నాలుగు సూతులు."

"అంటే?"

"అర ఇంచు."

"గంతేనా? నేను గజం అనుకుంటి."

ఆ నాడు ప్రైమర్ పట్టి, కుడి సగం మూతి వేసిన. ఎడమ దిక్కు బ్రష్షు పెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నడు.

"అది ఇంక నాది గాలే. కిరాయికి వచ్చినట్లున్నది. ఆగు, అది దాని జాగలకు వచ్చినంక వెయ్యి."

"రాకపోతే అన్నా?"

వదినె నా దిక్కు గుర్రున చూసింది. ఆయన మాత్రం ఆలోచించిండు. "రాకపోతే నువ్వే కొలుస్తవు గదా, తెలుస్తది. అప్పుడెయ్యి."

తర్వాతి ఆదివారం పోంగనే "ఇయాల ఎంత?" అని అడిగిండు. నాలుగే. ఆ మాటకు ఆయన ముఖం పడిపోయింది. మళ్ల ఆదివారానికి కూడ నాలుగే. కానీ ఈసారి వదినె నన్ను గడపకాడనే ఆపి చెప్పింది, "డ్యూటీ ఈల పట్టుకొని పొద్దుగాలనే మొదలువెడుతున్నడు. ఊదితె గాలి ఒక పక్కకెల్లి పోతుంది, సప్పుడు రాదు. తిట్టుకుంట మళ్ల ఊదుతుండు." ఇంకో రెండు వారాలకు ఆ ఈల సప్పుడు వాడ మొదట్లనే నాకు వినపడ్డది. సన్నగ, తెగి తెగి వచ్చింది. ఆ నాడు కొలిస్తే మూడున్నర.

"చూసినవా!" అని నా భుజం మీద కొట్టిండు. "నీ డివైడరు అబద్ధం చెప్పదు గదా?"

"ఎన్నడు చెప్పలే."

"మా వాడోళ్లే పరేషాన్ ఉన్నరు" అన్నది వదినె. "పొద్దుగాల ఐదింటికి ఈల ఏందని. దొంగలొచ్చిన్రనుకుంటున్నరట."

ఇక్కడ కొత్తగ ఈ పనిలకు వచ్చే పిల్లలకు ఒక్కటే చెప్త. మారుతున్న మనిషిని వెయ్యాలంటే ఊహ కంటే కొలత మేలు. ఊహించి వేస్తే మన బాధనో మన ఇష్టమో వేస్తం. నేను ఊహించి ఉంటే ఆ నాడే ఎడమ మూతి కిందికి గుంజి, అందరూ అయ్యో అనేటట్ల ఒక బొమ్మ పూర్తి చేసెటోన్ని. అది మంచి బొమ్మే అయ్యేదేమో, కానీ ఆయన ముఖం అక్కడనే ఆగిపోయినట్ల అయ్యేది.

సరళ మేడం వచ్చి ఆ తలుపు చూసింది. ఒక ప్రదర్శనల పెడ్తనన్నది. మల్లయ్యనే అడగమన్న.

"గోడకెక్కి దండ ఏపిచ్చుకునేటందుకు నేనింక సావలే మేడం" అన్నడు మల్లయ్య. "పని గూడ కాలే."

"అయినంకనే ఇయ్యండి" అన్నది ఆమె. "ఎంతుందో ఫోన్ చేసి కనుక్కుంట." నిజంగనే కనుక్కుంటున్నది.

నేను థిన్నర్ మానుకున్న. దుకాణం సామాను మొత్తం ఇచ్చేసిన. మూతి రంగు కలిపిన ఒక చిన్న డబ్బా మాత్రం ఉంచుకున్న. మూత తీస్తే పైన పొర కడ్తది, దాన్ని తీసేసి, కలిపి, మళ్లీ మూత పెడ్త. డబ్బాల రంగు తగ్గుతున్నది గని సగం మూతికి సరిపోతది. ఆ సగం నేనే వెయ్యాలె, ఇంకొకరు వేస్తే కొలత కలవదు.

మొన్న ఆదివారం పోయిన. తువ్వాల భుజం మీదుంది. గేటు డ్యూటీకి మళ్లీ పిలుస్తరేమో అని యూనిఫారం ఇస్త్రీ చేపిచ్చి పెట్టుకున్నడు. కూసున్నడు, గదుమ లేపిండు. కండ్ల గీత నుంచి కుడికి కొలిచిన, ఎడమకు కొలిచిన, అనుమానమొచ్చి ఇంకోసారి కొలిచిన.

"ఎంత?" అన్నడు.

"సూతున్నర."